ఒకే లాట్‌లో రెండు వస్తువులు: డార్విన్ పుస్తకంలో అతికించిన ఉత్తరం

వేలం కేటలాగ్‌లో ఆ లాట్ (ఒకే పాటలో అమ్మే వస్తువు లేదా వస్తువుల కట్ట) గురించి రాసింది ఇంతే. చార్లెస్ డార్విన్ 'ది డీసెంట్ ఆఫ్ మ్యాన్', లండన్, జాన్ మరే ప్రచురణ, 1871, రెండు సంపుటాలు, మొదటి ముద్రణ, ఆకుపచ్చ గుడ్డ అట్ట. మొదటి సంపుటం మొదట్లో ఉండే ఖాళీ కాగితం వెనకవైపు డార్విన్ సంతకం ఉన్న మూడు పేజీల ఉత్తరం అతికించి ఉంది. ఉత్తరం మీద తేదీ, నెల ఉన్నాయి, సంవత్సరం లేదు. కేటలాగ్ రాసినవాళ్లు 'సుమారు 1871' అని వేసి, 'బహుశా పుస్తకంతో పాటు పంపినది' అని ఒక్క వాక్యం చేర్చారు.

ఆ ఒక్క వాక్యమే ఈ కేసు.

పాత పుస్తకాలు, చారిత్రక వ్యక్తుల చేతిరాత ఉత్తరాలు కొనేవాళ్ల తరఫున లాట్లు పరిశీలించడం, అవసరమైతే వాళ్ల బదులు పాట పాడటం నా పని. ఈ కేసులో కొనాలనుకున్న వ్యక్తి పంతొమ్మిదో శతాబ్దపు సైన్స్ పుస్తకాలు చాలాకాలంగా సేకరిస్తున్నారు. డార్విన్ సంతకం ఆయన దగ్గర లేదు. కేటలాగ్ పంపించి, "ఎంతవరకు పాడొచ్చంటారు?" అని అడిగారు. ముందు తేల్చుకోవలసింది ఇది ఒక వస్తువా, రెండు వస్తువులా అన్నది, ధర సంగతి తర్వాత చూద్దామని చెప్పాను.

రచయిత తన పుస్తకాన్ని ఎవరికో పంపుతూ దానితోపాటే ఉత్తరం రాస్తే, ఆ రెండూ అప్పటినుంచి కలిసే ఉంటే, దాని విలువ పుస్తకం ధరకూ ఉత్తరం ధరకూ మొత్తం కాదు. దానికి చాలా పైన ఉంటుంది, ఎందుకంటే అలాంటి కాపీ ప్రపంచంలో మరొకటి ఉండదు. అదే ఎవరో తర్వాతెప్పుడో ఎక్కడో కొన్న ఉత్తరాన్ని ఇంకెక్కడో కొన్న పుస్తకంలో అతికించి ఉంటే, అది ఉత్తి కూడిక. జిగురు వల్ల ఉత్తరం పాడై ఉంటే కూడిక కన్నా తక్కువే. రచయిత ఉత్తరమో, సంతకం కత్తిరించిన ముక్కో, ఫొటోనో పుస్తకంలో అతికించి అమ్మడం ఈ వ్యాపారంలో కొత్తది కాదు, అందులో తప్పేమీ లేదు కూడా. కానీ జిగురు వేసిన బంధానికి చరిత్ర ఇచ్చిన బంధం ధర కట్టకూడదు. నేను పాట ధర చెప్పే ముందు ప్రతిసారీ పట్టుబట్టేది దీనిమీదే.

పుస్తకం సంగతి త్వరగానే తేలింది. 'డీసెంట్ ఆఫ్ మ్యాన్' 1871 ఫిబ్రవరి 24న 2,500 కాపీలతో వచ్చింది. వెంటనే మార్చిలో మరో విడత అచ్చేశారు. ఆ రెండో విడత మీద కూడా 1871 అనే ఉంటుంది. అందుకే టైటిల్ పేజీ చూసి మొదటి విడత అనుకుంటే కుదరదు. తేడా పట్టడానికి రెండు చోట్లు చూడాలి. మొదటి విడతలో ఒకటో సంపుటం 297వ పేజీ 'ట్రాన్స్‌మిటెడ్' అన్న మాటతో మొదలవుతుంది. రెండో సంపుటం టైటిల్ పేజీ వెనక అచ్చుతప్పుల పట్టిక ఉంటుంది. 297 దగ్గర మార్పు ఎందుకొచ్చిందంటే, తన వాదంలో ఒక పెద్ద పొరపాటు దొర్లిందని పుస్తకం అచ్చవుతుండగానే డార్విన్ గుర్తించారు. ఆ సంగతి చెబుతూ రెండో సంపుటంలో విడిగా ఒక కాగితం చేర్పించారు. వేలం సంస్థకు రాసి ఈ మూడు చోట్ల ఫొటోలు తెప్పించాను. మూడూ సరిగ్గా ఉన్నాయి. ఒక విడత మొదటి సంపుటాన్నీ మరో విడత రెండో సంపుటాన్నీ జతచేసిన సెట్లు బజారులో తిరుగుతుంటాయి కాబట్టి రెండు సంపుటాలనూ విడివిడిగా చూడాల్సిందే. ఇక్కడ రెండూ మొదటి విడతవే. కుట్టు కొంచెం వదులు, వెన్ను దగ్గర గుడ్డ చిరుగు, లోపలి కాగితాలు మార్చలేదు. బాగున్న కాపీ, అసాధారణమైన కాపీ కాదు.

ఉత్తరం దగ్గర ఆగాలి.

మొదట కేటలాగ్ భాష. ఉత్తరాల వేలంలో ఏ.ఎల్.ఎస్. అంటే ఉత్తరమంతా స్వదస్తూరీ, కింద సంతకం. ఎల్.ఎస్. అంటే ఉత్తరం వేరేవాళ్ల చేత రాయించినది, సంతకం మాత్రం పంపినవాళ్లది. టి.ఎల్.ఎస్. అంటే టైపు చేసి సంతకం పెట్టినది. మొదటిదానికీ రెండోదానికీ ధరలో చాలా తేడా. ఈ కేటలాగ్‌లో శీర్షిక 'డార్విన్ ఉత్తరంతో' అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఎల్.ఎస్. అని ఉంది. వాళ్లు దాచలేదు, చదివేవాళ్లే ఆగి చదవాలి. డార్విన్ విషయంలో ఇది మామూలే. ఆరోగ్యం బాగాలేని రోజుల్లో భార్య ఎమ్మా చేత రాయించేవారు. చివరి సంవత్సరాల్లో కొడుకు ఫ్రాన్సిస్ కార్యదర్శిలా పనిచేశారు. డార్విన్ స్వదస్తూరి పరుగుపెడుతున్నట్టు, ముడుచుకుపోయి ఉంటుంది. ఈ ఉత్తరంలో రాత శుభ్రంగా, అక్షరాలు విడివిడిగా ఉన్నాయి. సంతకం దగ్గరకొచ్చేసరికి కలం మారింది, ఒత్తిడి మారింది. అది ఆయనదే. మిగతా రాత ఆయనది కాదు.

ఇది అసలు చేతిరాతేనా, అచ్చులో తీసిన నకలా అన్న అనుమానం ప్రతి ఉత్తరం మీదా పెట్టుకోవాలి. ఇంగ్లీషు కవి లార్డ్ బైరన్ 1819లో పారిస్‌లోని గాలిన్యానీ పత్రిక సంపాదకుడికి రాసిన ఉత్తరాన్ని అప్పట్లోనే నకలుగా అచ్చేశారు. ఆ అచ్చు కాగితాలు పాత పుస్తకాల్లో దొరికినప్పుడు నిజమైన ఉత్తరమే దొరికిందని జనం ఇప్పటికీ సంబరపడుతుంటారు. భూతద్దం కింద తేడా తెలిసిపోతుంది. ఉక్కు పాళీతో రాస్తే గీతకు రెండు అంచుల్లోనూ సన్నని ముదురు చాళ్లు పడతాయి. కిందికి లాగినప్పుడు గీత లావవుతుంది, పైకి వెళ్లేటప్పుడు సన్నబడుతుంది. రాతి అచ్చులో గీతంతా ఒకే మందంగా, చదునుగా, మెరుపు లేకుండా ఉంటుంది.

నకలు కాదని తేలినా దొంగ ఉత్తరం అయ్యే అవకాశం మిగులుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్స్‌లో వ్రాన్ లుకా అనే అతను పాస్కల్, క్లియోపాత్రా వంటివాళ్ల పేర్ల మీద వేల ఉత్తరాలు తయారుచేసి మిషెల్ షాల్ అనే గొప్ప గణిత శాస్త్రజ్ఞుడికి అమ్మాడు. క్లియోపాత్రా కూడా ఫ్రెంచిలోనే రాసినట్టు! 1870లో అతనికి జైలుశిక్ష పడింది. కొనేవాడు ఎంత మేధావి అయినా, ఆ వస్తువు తనకు కావాలన్న కోరిక ముందుకొస్తే కళ్లు మూసుకుపోతాయి. అందుకే నేను ఉత్తరంలో రాసినది చదవడం కన్నా ముందు కాగితం చూస్తాను.

ఈ ఉత్తరం సిరా ఇనుము, మాజుకాయల సిరా. రాసినప్పుడు పాలిపోయి ఉండి, గాలి తగిలాక నల్లబడి, దశాబ్దాలు గడిచాక గోధుమరంగుకు తిరుగుతుంది. అయితే రంగు ఒక్కదాన్నీ నమ్మి తీర్పు చెప్పకూడదు, రంగు తెప్పించడం కష్టం కాదు. నేను అడిగింది మడతల దగ్గర తీసిన క్లోజప్ ఫొటోలు. ఉత్తరాన్ని కవరులో పెట్టడానికి మధ్యలో అడ్డంగా మడిచారు. ఆ మడత మీదుగా రెండో పేజీలో ఒక పొడుగు అక్షరం కింది తోక దిగుతోంది. రాసిన తర్వాత మడిస్తే, మడత దగ్గర కాగితం పీచులు విరిగినప్పుడు వాటితోపాటు సిరా కూడా పగులుతుంది. ముందే మడత పడి ఉన్న పాత కాగితం మీద తర్వాత రాస్తే, విరిగిన పీచుల్లోకి సిరా దిగి మడత వెంబడి రెండువైపులా పాకుతుంది. ఫొటోలో ఆ తోక మడత మీద తెగింది, పక్కలకు పాకలేదు. ఆ తెగిన చోట తెల్లటి పీచులు పైకి లేచి ఉన్నాయి. ఉత్తరం అసలుదేనన్న నమ్మకం నాకు అక్కడ కుదిరింది.

ఇక తేదీ. సంవత్సరం లేకపోయినా కాగితం పైభాగాన ముద్రించిన చిరునామా ఉంది. డార్విన్ కుటుంబం 1842 నుంచి కెంట్‌లోని డౌన్ హౌస్‌లోనే ఉంది. ఇల్లు మారలేదు, కాని చిరునామాలోని పోస్టు పట్టణం మారింది. 1869 వరకు బ్రోమ్లీ, ఆ తర్వాత బెకెన్‌హామ్. ఈ ఉత్తరం మీద బెకెన్‌హామ్ ఉంది. అంతవరకు 1871కి అడ్డేమీ లేదు. కానీ దాని కిందే ఇంకో వరుస ఉంది, దగ్గరి రైల్వేస్టేషన్ ఆర్పింగ్టన్ అని. ఆ వరుస ఉన్న కాగితం 1870ల రెండో సగంలో డార్విన్ రాసిన ఉత్తరాల్లో కనిపిస్తుంది. కేటలాగ్ వేసిన 'సుమారు 1871' అక్కడే బీటలు వారింది.

ఇలాంటివి పోల్చి చూడటానికి డార్విన్ ఉత్తరాలు సేకరించేవాళ్లకు ఉన్నంత సౌకర్యం మరెవరికీ లేదనుకుంటాను. 1974లో మొదలైన డార్విన్ కరస్పాండెన్స్ ప్రాజెక్టు ఆయన రాసినవీ ఆయనకు వచ్చినవీ కలిపి 15 వేలకు పైగా ఉత్తరాలను వెతికి, తేదీలు నిర్ణయించి, 30 సంపుటాల్లో అచ్చేసింది. ఉత్తరాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. చిరునామా ముద్రణ, కాగితం రకం, చావు తర్వాత సంతాపంగా వాడే నల్ల అంచు కాగితం, ఇలాంటి గుర్తులతో తేదీలు ఎలా తేల్చారో నోట్స్‌లో రాసి ఉంటుంది. కొత్తగా సేకరణ మొదలుపెట్టేవాళ్లు ఒక్క ఉత్తరం కొనకముందే ఆ నోట్స్ చదవాలని నా కోరిక. ఉత్తరాన్ని ఎలా చూడాలో నేర్పే బడి అది.

ఈ ఉత్తరం అందులో ఉంది. అయితే దాని గురించి వాళ్లకున్న ఆధారం అసలు కాగితం కాదు, చాలా ఏళ్ల కిందటి ఒక అమ్మకపు కేటలాగ్‌లో అచ్చయిన నాలుగు వాక్యాలు. ఆ కేటలాగ్‌ను ఒక పెద్ద లైబ్రరీ ద్వారా తెప్పించుకుని చూశాను. అప్పట్లో ఈ ఉత్తరాన్ని ఒంటరిగా అమ్మారు. పుస్తకం ఊసే లేదు. ఆల్బమ్ నుంచి తీసినదని ఒక ముక్క మాత్రం ఉంది.

అది చదివాక నా దగ్గరున్న ఫొటోలను మళ్లీ తెరిచాను. ఉత్తరం ఒకే కాగితం, మధ్యకు మడిస్తే నాలుగు పేజీలు. మూడింటి మీద రాత, నాలుగోది ఖాళీ. ఆ ఖాళీ పేజీ నాలుగు మూలల్లోనూ ముదురు గోధుమరంగు కాగితపు పీలికలు అంటుకుని ఉన్నాయి. ఆల్బమ్‌లో అతికించి, తర్వాత లాగేసినప్పుడు మిగిలేవి అవే. కేటలాగ్ రాసినవాళ్లు దాన్ని 'వెనక స్వల్ప మరకలు' అని సరిపెట్టారు.

మిగిలింది ఎదుటి పేజీ. కాగితంలోని ఆమ్లం, సిరాలోని ఇనుము దశాబ్దాల తరబడి ఆనుకుని ఉన్న పేజీ మీద గోధుమరంగు నీడ వేస్తాయి. ఉత్తరం 1870ల నుంచీ ఆ పుస్తకంలోనే ఉండి ఉంటే, దాని ఆకారం ఎదుటి పేజీ మీద పడి ఉండాలి. ఎదుటి పేజీని పక్కనుంచి వెలుతురు వేసి, స్కేలు పెట్టి ఫొటో తీయమని అడిగాను. నీడ ఉంది. ఫొటో తెరవగానే కేటలాగ్ మాటే నిజమేమోనని ఒక క్షణం టెన్షన్ పట్టుకుంది. కొలిచి చూస్తే ఆ నీడ పొడవుగా, సన్నగా, పత్రికలో ఒక కాలమ్ వెడల్పున ఉంది. అంచులు పదునుగా, రంగు గాఢంగా ఉన్నాయి. చవక పత్రిక కాగితం వేసే నీడ అది. అంటే అక్కడ చాలాకాలం ఉన్నది ఒక పత్రిక కత్తిరింపు, బహుశా ఆ పుస్తకం మీద వచ్చిన సమీక్షో, డార్విన్ మరణవార్తో. మడిచిన ఉత్తరం కొలతలో మాత్రం మరక ఎక్కడా లేదు. దాన్ని అక్కడ పెట్టి ఎక్కువకాలం కాలేదు.

ఇంకొకటి కూడా ఉంది. పుస్తకం మొదట్లో తొలి యజమాని సంతకం ఉంది. ఉత్తరం ఎవరికి రాశారో ఆ పేరు వేరు. ఈ ఒక్కదాన్ని నేను పెద్దగా పట్టించుకోను, పుస్తకాలు చేతులు మారతాయి. ఉత్తరంలో 'పుస్తకం' అన్న మాట ఒకసారి వస్తుంది. కేటలాగ్ రాసినవాళ్లు పట్టుకున్నది దాన్నే. కానీ ఏ పుస్తకమో అందులో లేదు. 1872లో భావోద్వేగాల మీద, 1875లో కీటకాలను తినే మొక్కల మీద, ఆ తర్వాత 1876, 1877, 1880ల్లో మొక్కల మీద, 1881లో వానపాముల మీద డార్విన్ పుస్తకాలు వచ్చాయి. 1882 ఏప్రిల్ 19న ఆయన కన్నుమూశారు. 1870ల రెండో సగంలో రాసిన ఉత్తరంలో పుస్తకం అంటే 1871 నాటిదే అని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు.

ఇదంతా నాలుగు పేజీల నోట్‌గా రాసి, కొనాలనుకున్న ఆయనకు పంపాను. చదివి ఫోన్ చేసి, "అయితే వదిలేద్దామా?" అన్నారు. వద్దన్నాను. ఉత్తరం నిజమైనది, పుస్తకం నిజమైన మొదటి విడత. అబద్ధమైంది ఆ రెంటి మధ్య బంధం ఒక్కటే. దానికి డబ్బు కట్టకపోతే చాలు.

ఆ నోట్‌ను వేలం సంస్థలోని నిపుణులకు కూడా పంపుదామా అన్న దగ్గర మేమిద్దరం కాసేపు ఆలోచించాం. నా అభిప్రాయం స్పష్టం. పంపాలి. మనకు తెలిసిన లోపాన్ని దాచిపెడితే మనకొచ్చే లాభమేమీ లేదు. తెలియనివాళ్లు ఎక్కువ పాడి తీసుకెళ్లిపోతారు, తప్పుడు తేదీ ఇంకో తరం పాటు కేటలాగుల్లో తిరుగుతుంది. పంపాం. వాళ్లు మర్యాదగా జవాబిచ్చి, వేలానికి ముందు సవరణ ప్రకటన పెట్టారు: ఉత్తరం తేదీ 1870ల రెండో సగం, పుస్తకంతో కలిసి వచ్చినదనడానికి ఆధారం లేదు. ఎస్టిమేట్ (లాట్ ఎంత పలకవచ్చో కేటలాగ్‌లో వేసే అంచనా) మాత్రం మార్చలేదు.

ఇక లెక్క. అసలు డబ్బు అంకెలు ఇక్కడ అనవసరం కాబట్టి మొత్తాన్ని 100గా తీసుకుంటాను. ఈ మధ్య వేలాల్లో ఇలాంటి స్థితిలో ఉన్న పుస్తకం ఒంటరిగా పలికింది 40. మామూలు విషయం మీద రాసిన, వేరేవాళ్ల దస్తూరితో డార్విన్ సంతకం చేసిన ఉత్తరం పలికింది 60. కూడిక 100. కేటలాగ్ ఎస్టిమేట్ 110 నుంచి 150.

ఇక్కడ చాలామంది పడే గోతి ఒకటుంది. వేలం సంస్థలు ప్రకటించే పాత ధరల్లో, పాడిన ధర మీద కొనేవాడు సంస్థకు అదనంగా కట్టే ప్రీమియం కలిసి ఉంటుంది. ఎస్టిమేట్లలో కలిసి ఉండదు. రెంటినీ పక్కపక్కన పెట్టి పోలిస్తే లెక్క తప్పుతుంది. శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ క్రిక్ 1953 మార్చి 19న డీఎన్ఏ నిర్మాణం గురించి పన్నెండేళ్ల కొడుకు మైకేల్‌కు రాసిన ఏడు పేజీల ఉత్తరం 2013లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 53 లక్షల డాలర్ల దగ్గర పాట ముగిసి సుత్తి పడింది. కొన్నవారు కట్టింది మాత్రం 60 లక్షల పైచిలుకు. మధ్యలో ఉన్న ఏడున్నర లక్షలకు పైగా ప్రీమియమే. ఆ స్థాయిలో ప్రీమియం శాతం తగ్గుతుంది కూడా. మామూలు లాట్ల మీద నాలుగో వంతు, అంతకు పైన కూడా వేస్తారు.

మా లాట్‌కు ప్రీమియం 25 శాతం. కాబట్టి 100 నుంచి వెనక్కి లెక్కకట్టాలి. రవాణా, బీమా, అతికించిన ఉత్తరాన్ని జాగ్రత్తగా విడదీయించడం, వీటికి 4 తీసేస్తే 96. దాన్ని 1.25తో భాగిస్తే 76.8. పాట పెరిగేది ఐదేసి చొప్పున కాబట్టి మా ఆఖరి పాట 75. ఎస్టిమేట్ కింది అంకె 110 ఉన్నప్పుడు 75తో కూర్చోవడం అర్థం లేని పనిగా ఆయనకు అనిపించింది. "అంత తక్కువకు ఎవరిస్తారండీ?" అన్నారు. ఇవ్వకపోతే వేరే లాట్ వస్తుంది. ఎస్టిమేట్ అంటే అమ్మేవాళ్ల ఆశకు కేటలాగ్ ఇచ్చిన అంకె. సవరణ ప్రకటన తర్వాత ఆ ఆశకు ఆధారం పోయింది.

ముందే రాసిచ్చే పాట కన్నా ఫోన్ పాట మేలనుకున్నాను, గదిలో ఏం జరుగుతోందో చెవిన పడుతుంది కాబట్టి. 50 దగ్గర మొదలైంది. 55, 60, 65 చకచకా వెళ్లాయి. నేను 70 దగ్గర చేరాను. వెంటనే 'ఇక్కడ నా దగ్గర ఇంకోటి' అంటూ ఎవరో నన్ను దాటే ప్రయత్నం చేసినట్టు వినిపించింది, కాసేపు తడబాటు, మళ్లీ నా 70 దగ్గరికే వచ్చింది. అమ్మేవాళ్లు ఒప్పుకునే ధర ఇంకా చేరలేదేమోనని నా హద్దు వరకు వెళ్లి నేనే 75 అన్నాను. తర్వాత ఎవరూ కదల్లేదు. సుత్తి పడింది, లాట్ మాకు రాలేదు. రిజర్వ్ ధరకు చేరలేదు, అమ్ముడుపోలేదు.

రిజర్వ్ అంటే అమ్మేవాళ్లు దీనికి తక్కువైతే ఇవ్వం అని సంస్థతో రహస్యంగా ఒప్పుకున్న ధర. అది ఎస్టిమేట్ కింది అంకెను దాటదు. రిజర్వ్ చేరేవరకు వేలందారు అమ్మేవాళ్ల తరఫున తనే పాట పెంచుతూ పోవచ్చు. షరతుల్లో రాసే ఉంటుంది. అంటే 50 నుంచి 65 దాకా వెళ్లిన ఉత్సాహమంతా గోడతో ఆడిన ఆట కావచ్చు. గదిలో పోటీ ఉందన్న భ్రమ మన హద్దును పెంచకూడదని నేను చెప్పేది ఇందుకే. హద్దు వస్తువు నుంచి రావాలి, పోటీ నుంచి కాదు.

అమ్ముడుపోని లాట్ కథ అక్కడితో ముగియదు. మర్నాడు నేనే సంస్థకు ఫోన్ చేశాను. మా ఆఖరి పాట 75 అలాగే ఉందని, పెంచబోమని చెప్పాను. అమ్మేవాళ్లకు ఇప్పుడు రెండు దారులు. వెనక్కి తీసుకెళ్లడం, లేదా ఒప్పుకోవడం. వెనక్కి తీసుకెళ్తే ఈ వేలంలో పోని లాట్ అని ఆన్‌లైన్ రికార్డుల్లో ఉండిపోతుంది, తర్వాతి వేలంలో అందరూ దాన్ని చూస్తారు. రెండు వారాల తర్వాత ఒప్పుకున్నామని కబురొచ్చింది. ప్రీమియంతో 93.75, ఖర్చులతో 97.75.

వస్తువు చేతికొచ్చిన రోజే చేయవలసిన పని పేజీలు లెక్కపెట్టడం. ఉత్తరం దొంగదని తేలితే వెనక్కివ్వడానికి పెద్ద సంస్థల్లో కొన్నేళ్ల గడువు ఉంటుంది. పుస్తకంలో పేజీలు లేవని చెప్పుకోవడానికి మాత్రం కొద్ది రోజులో, వారాలో. పైగా ఆ హామీ కేటలాగ్‌లో పెద్ద అక్షరాల శీర్షికకు వర్తిస్తుంది తప్ప కింద 'బహుశా' అని రాసిన వాక్యాలకు కాదు. రెండు సంపుటాలూ ఆకు ఆకూ తిప్పి చూశాం. పూర్తిగా ఉన్నాయి.

తర్వాత ఉత్తరం కన్సర్వేటర్ (పాత కాగితాలను బాగుచేసి కాపాడే నిపుణులు) దగ్గరికి వెళ్లింది. అతికించిన అంచు మీద అల్ట్రావయొలెట్ వెలుతురు వేస్తే జిగురు పాలలాంటి నీలితెలుపులో మెరిసింది. చిన్న నమూనా తీసి పరీక్షిస్తే గోధుమపిండి జిగురు కాదు, ఎముకల జిగురూ కాదు, తెల్లటి సింథటిక్ జిగురు. ఇరవయ్యో శతాబ్దం మధ్యనుంచి వాడకంలోకి వచ్చిన రకం. డార్విన్ కాలంలో ఎవరూ దాన్ని ముట్టుకుని ఉండరు. నీడ చెప్పింది, పాత కేటలాగ్ చెప్పింది, జిగురు కూడా అదే చెప్పింది.

అప్పుడు ఉత్తరాన్ని పుస్తకం నుంచి విడదీయాలా అన్న ప్రశ్న. మామూలుగా నేను విడదీయడానికి ఒప్పుకోను. ఎవరో పాఠకుడు వందేళ్ల కిందట అతికించిన ఉత్తరం ఆ పుస్తకం జీవితంలో భాగం, దాన్ని పీకి రెండుగా అమ్ముకోవడం నా దృష్టిలో దొంగతనం లాంటిదే. ఇక్కడ పరిస్థితి వేరు. బంధం కొత్తది, జిగురు కాగితానికి హాని చేస్తోంది, పుస్తకం మూసినప్పుడల్లా ఉత్తరం మడత దగ్గర మరింత చిరుగుతోంది. విడదీయమన్నాం. జిగురును కొద్దికొద్దిగా మెత్తబరిచి, సన్నని స్పాచులాతో లేపి తీశారు. తడి ఎక్కువైతే ఇనుము సిరా పాకుతుంది కాబట్టి ఆ పని నెమ్మదిగా సాగింది. సెల్లో టేప్ పెట్టి చిరుగు అతకడం, లామినేషన్ చేయించడం లాంటివి ఇంట్లో ఎవరూ చేయొద్దు. ఆ రెండూ చేసిన హానిని పూర్తిగా సరిదిద్దడం చాలా కష్టం. చిరిగిన మడతకు జపాన్ పలుచని కాగితంతో లోపలినుంచి ఆసరా ఇచ్చారు. ఆమ్లం లేని ఫోల్డర్‌లో పడుకోబెట్టి, తేమ 50 శాతం దగ్గర, చల్లగా, వెలుతురు లేకుండా ఉంచమన్నారు. ఫ్రేము కట్టి గోడకు తగిలించాలని ఆయనకు ఎంతో కోరిక. నకలు తీయించి దాన్ని తగిలించుకోమని ఒప్పించాను.

విడదీసే ముందు, విడదీసేటప్పుడు, తర్వాత తీసిన ఫొటోలన్నీ పుస్తకంతోపాటు ఉంచాం. ఉత్తరం ఈ కాపీలో ఫలానా సంవత్సరం వరకు అతికించి ఉండేదని, ఎందుకు తీశామో ఒక పేజీ రాసి పెట్టాం. రేపు ఎవరి చేతికి వెళ్లినా రెండు వస్తువులూ ఎలా కలిశాయో, ఎలా విడిపోయాయో వాళ్లకు తెలియాలి. పత్రిక కత్తిరింపు నీడను మాత్రం శుభ్రం చేయించలేదు. అది ఆ పుస్తకానికి నిజంగా దక్కిన చరిత్ర.

ఉత్తరం మొత్తం స్కాన్ డార్విన్ ప్రాజెక్టుకు పంపాం. ఇంతకాలం వాళ్ల దగ్గరున్నది నాలుగు వాక్యాలే, ఇప్పుడు మూడు పేజీలూ వెళ్లాయి. కొన్న ఆయన వాటిని తన వ్యాసంలో అచ్చేసుకోవచ్చా అని నన్ను అడిగారు. కాగితం కొన్నంత మాత్రాన రాత మీద హక్కు రాదు. ఉత్తరం రాసినవాళ్ల వారసులకే కాపీరైట్ ఉంటుంది. బ్రిటన్ చట్టం ప్రకారం, రచయిత ఎప్పుడో చనిపోయినా, ఇప్పటివరకు అచ్చుకాని ఇలాంటి పాత రాతల మీద హక్కు 2039 చివరివరకు సాగుతుంది. అడిగి అనుమతి తీసుకోమన్నాను, తీసుకుంటున్నారు.

ఆల్బమ్ సంగతి ఇంకా తెరిచే ఉంది. ఉత్తరం మూలల్లోంచి తీసిన గోధుమరంగు కాగితపు పీలికలను కన్సర్వేటర్ పారేయకుండా చిన్న కవరులో వేసి, తేదీ రాసి, ఫోల్డర్‌లోనే పెట్టారు. ఈ ఉత్తరం అందుకున్న వ్యక్తికే డార్విన్ రాసిన ఉత్తరాలు మరికొన్ని ప్రాజెక్టు జాబితాలో ఉన్నాయి. వాటిలో ఏది వేలానికి వచ్చినా అన్నిటికన్నా మొదట వెనక పేజీ మూలల ఫొటోలు అడుగుతాను.